గట్టు మీద ఒంటి చక్రం: ఎల్‌ఎస్‌డి క్లచ్ ప్లేట్లు విప్పడం, కొలవడం, కూర్చడం

(రావులపాలెంలో డెల్టా మెకానిక్‌లంతా కూడినప్పుడు చేసిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారమండి. ఆదివారం పూట షెడ్లు మూసుకుని, కొందరు నర్సాపురం రేవులో పంటు దాటి, కొందరు లంకల్లోంచి పొద్దున్నే బయల్దేరి వచ్చారు. ఐటీఐ పిల్లలు కూడా వెనక వరసల్లో కనిపిస్తున్నారు. సంతోషం. బాబూ, మీరు ముందుకొచ్చి కూర్చోండి. బల్ల మీద విప్పి పెట్టిన సామాను మీకు కనబడాలి.

ఇవాళ నేను చెప్పబోయేది ఒకే ఒక్క వస్తువు గురించి. వెనక హౌసింగ్‌లో, అంటే వెనక ఇరుసు పెట్టెలో, ఉండే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచి, మలుపులో వాటిని వేరువేరు స్పీడుల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక. ఒక చక్రం ఊరికే జారిపోకుండా కొంత పట్టు ఇచ్చే రకం ఇది. మనం ఎల్‌ఎస్‌డి అంటాం. అందులోనూ క్లచ్ ప్లేట్ల రకం. దీని గురించే ఎందుకంటే, బండిలో ఏ సామాను చచ్చిపోయినా ఏదో ఒక కబురు పంపుతుందండి. బేరింగ్ పోతే ఏడుస్తుంది, బ్రేకు పోతే పెడల్ కిందకి పోతుంది, ఇంజిన్ పోతే పొగ వస్తుంది. ఎల్‌ఎస్‌డి చచ్చిపోతే మాత్రం ఏ కబురూ రాదు. బండి హాయిగా నడుస్తుంది. ఇంకా చెప్పాలంటే మలుపుల్లో మునుపటి కన్నా మెత్తగా నడుస్తుంది. అది మామూలు డిఫరెన్షియల్ అయిపోయిందని డ్రైవరుకి తెలీదు, ఓనరుకి తెలీదు, కొలిచి చూడకపోతే మనకీ తెలీదు.

నాకు ఎలా తెలిసిందో చెబుతాను. నాలుగేళ్ళ కిందటి మాట. ఆకివీడు అవతల ఒక రొయ్యల చెరువు. రాత్రి రెండింటికి పట్టుబడి, అంటే రొయ్యలు పట్టే పని. సాయంత్రం పెద్ద వాన కురిసి వెలిసింది. ఐసూ ట్రేలూ వేసుకుని పికప్ గట్టెక్కింది. సగం దూరం వెళ్ళాక ఎడమ వెనక చక్రం గట్టు అంచున మెత్తటి మట్టిలోకి దిగింది. కుడి చక్రం గట్టి నేల మీదే ఉంది. అయినా బండి కదల్లేదు. ఎడమ చక్రం ఒక్కటే గిరగిరా తిరిగి, తిరిగిన కొద్దీ గొయ్యి తవ్వుకుంది. రైతు నాకు ఫోన్ చేశాడు. "ఏమండీ, ఈ బండికి ఎల్‌ఎస్‌డి ఉంది, గట్ల మీద బెంగ లేదన్నది మీరే కదండీ" అన్నాడు. ఆ మాట నేను అన్నదే. నాలుగు నెలల ముందు ఆ బండికి హౌసింగ్ ఆయిల్ మార్చింది నేనే, బ్రేకులు చూసింది నేనే. ఎల్‌ఎస్‌డి పట్టు ఉందో లేదో చూడ్డానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు నేను పెట్టలేదు. ట్రాక్టరు తెచ్చి లాగేసరికి తెల్లారింది. ఐసు సగం కరిగింది. సరుకు కారుచౌక రేటుకి పోయింది. తర్వాత హౌసింగ్ విప్పితే ప్లేట్ల మీద లైనింగు నున్నగా అరిగి అద్దంలా ఉంది. అది నాలుగు నెలల్లో అరిగింది కాదు. నేను ఆయిల్ మార్చిన రోజుకే అరిగి ఉంది.

ఆ రోజు నుంచీ నా షెడ్డులో ఒక నోటు పుస్తకం పెట్టాను. ఎల్‌ఎస్‌డి బండి లోపలికి వస్తే, అది ఏ పని మీద వచ్చినా సరే, వెనక చక్రం పట్టు ఎంతో కొలిచి అంకె రాస్తాను. ఇవాళ మీకు చెప్పేదంతా ఆ పుస్తకంలోంచే.

ముందు అసలు సంగతి. మామూలు డిఫరెన్షియల్ గురించి మనందరం ఒక మాట అంటుంటాం: "పవరంతా జారే చక్రానికి పోతుంది" అని. నీరు పల్లమెరుగు అన్నట్టు, శక్తి కూడా సులువైన వైపుకే పోతుందని. ఇది సగమే నిజం. స్పీడు ఆ వైపుకి పోతుంది. లాగే బలం మాత్రం ఎప్పుడూ రెండు వైపులా సమానమేనండి. మన తాతల నాటి కాడి గుర్తు తెచ్చుకోండి. కాడికి రెండు ఎద్దులు. ఒక ఎద్దు కూలబడిందనుకోండి, రెండోది ఎంత బలమైన గిత్త అయినా కాడి అటు తిరిగిపోతుంది తప్ప నాగలి ముందుకి రాదు. బలహీనమైన ఎద్దు ఎంత లాగుతుందో, బలమైన ఎద్దు పనీ అంతకే పరిమితం. డిఫరెన్షియల్ మధ్యలో ఉండే చిన్న గేర్లు, స్టార్ పినియన్లు, చేసేది ఆ కాడి పనే. బురదలో ఉన్న చక్రం 5 కేజీ మీటర్ల (తిప్పే బలానికి మన కొలత) కన్నా ఎక్కువ మోయలేకపోతే, గట్టి నేల మీదున్న చక్రానికీ 5 మాత్రమే వస్తుంది. మొత్తం 10. మీరు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఆ 10 పెరగదు.

ఇప్పుడు చక్రం ఇరుసుని తిప్పే సైడ్ గేరుకీ, ఆ గేర్లన్నిటినీ మోసే కేసుకీ మధ్య క్లచ్ ప్లేట్లు పెట్టారు. ఆ ప్లేట్ల రాపిడి ఒక చక్రానికీ రెండో చక్రానికీ మధ్య 12 కేజీ మీటర్ల తేడా నిలబెట్టగలదు అనుకుందాం. అప్పుడు బురద చక్రం 5 దగ్గరే ఉంటుంది, గట్టి చక్రానికి 5 కాదు 17 వస్తుంది. మొత్తం 22. పది దగ్గర కదలని బండి ఇరవై రెండు దగ్గర బయటికి వస్తుంది. అంతే మహత్యం. ఆ 12 అనే అంకెను కాపాడ్డమే మన పని.

ట్రాక్టరు వాళ్ళకి ఇది వేరే రూపంలో తెలుసు. దమ్ములో ఒక చక్రం దిగిపోతే కాలి కింద డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతారు. అది పూర్తిగా బిగించేస్తుంది, రెండు చక్రాలూ ఒకే ఇరుసయిపోతాయి. అందుకే మలుపు తిప్పే ముందు వదలాలి. ఎల్‌ఎస్‌డి అలా బిగించేది కాదు. కొంత పట్టుకుంటుంది, మలుపులో కొంత జారనిస్తుంది. ఈ "కొంత" అన్నదాన్ని ప్లేట్ల మందం, స్ప్రింగు బలం, ఆయిలు, ఈ మూడూ కలిసి నిర్ణయిస్తాయి.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. డిఫరెన్షియల్‌కి పేటెంటు తీసుకున్నది పెకర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు, 1827లో. వందేళ్ళు దాటాక పోర్షే ఆటో యూనియన్ కంపెనీకి డిజైన్ చేసిన రేసు కార్లకి ఇంజిన్ బలం ఎక్కువై, గంటకి 160 కిలోమీటర్ల స్పీడు దాకా వెనక చక్రాల్లో ఒకటి జారిపోతుంటే, 1935లో జర్మనీ జెడ్‌ఎఫ్ కంపెనీ చేత జారుడు తగ్గించే డిఫరెన్షియల్ చేయించారు. రేసు కారు కోసం పుట్టింది ఇవాళ మన పుంత రోడ్ల మీద మేత బస్తాలు మోస్తోంది.

ఇక పనిలోకి వద్దాం. విప్పే ముందు కొలవాలి. ఇది నేను మళ్ళీ మళ్ళీ అంటాను, విసుక్కోకండి.

బండిని సమమైన గచ్చు మీద నిలపండి. ముందు చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టండి. గేరు న్యూట్రల్, ఫోర్‌వీల్ బండి అయితే టూవీల్‌లో పెట్టండి, హ్యాండ్ బ్రేకు వదలండి. వెనక ఒక చక్రం మాత్రమే జాకీతో లేపి స్టాండు మీద నిలపండి. రెండోది నేల మీదే ఉండాలి. లేచిన చక్రం హబ్బు మధ్యకి టార్క్ రెంచ్, అంటే తిప్పే బలం ఎంతో చూపించే రెంచ్, పట్టేలా ఒక పట్టీ కావాలి. నేనైతే పాత బ్రేకు డ్రమ్ము మూతకి మధ్యలో పెద్ద నట్టు వెల్డ్ చేయించుకున్నాను, చక్రం నట్ల మీదే బిగుస్తుంది. ఇప్పుడు రెంచ్‌తో నిదానంగా, కుదుపు లేకుండా తిప్పండి. కదలడం మొదలైన క్షణంలో ఒక అంకె వస్తుంది, తిరుగుతుండగా ఒక అంకె ఉంటుంది. రెండూ రాయండి. గేరుబాక్సు నుంచి వెనక్కి వచ్చే ప్రాపెల్లర్ షాఫ్టు కూడా తిరుగుతుండాలి, తిరక్కపోతే గేరు న్యూట్రల్‌లో లేదని అర్థం.

ఎంత ఉండాలి అంటే, ప్రతి బండికీ దాని మాన్యువల్లో అంకె ఉంటుంది, దాన్నే నమ్మండి. పక్క షెడ్డు వాడు చెప్పిన అంకె వేరే బండిది అయ్యుంటుంది. ఒక అందాజు కోసం చెబుతున్నాను, ఫోర్డ్ వారి ట్రాక్షన్‌లాక్ రకానికి వాడిన ప్లేట్ల మీద కనీసం 27 న్యూటన్ మీటర్లు ఉండాలంటారు, అంటే మన లెక్కలో మూడు కేజీ మీటర్లకి కాస్త తక్కువ. అంతకన్నా తగ్గితే విప్పాల్సిందే. అంకె ఎంతన్నది ఒక సంగతి, అది నిలకడగా ఉందా లేదా అన్నది రెండో సంగతి. ఒక చుట్టులో ఒక చోట గట్టిగా, ఒక చోట వదులుగా తగిలితే ఏదో ప్లేటు వంగిందని అనుమానించాలి.

టార్క్ రెంచ్ లేనివాళ్ళకి నాటు పరీక్ష ఒకటుంది. రెండు వెనక చక్రాలూ లేపి, న్యూట్రల్లో ఒక చక్రం చేత్తో తిప్పండి. రెండోది అదే దిక్కుకి తిరిగితే ప్లేట్లలో ఎంతో కొంత ప్రాణం ఉంది. ఎదురు దిక్కుకి తిరిగితే లేదు. ఇది ఉందా లేదా అన్నదే చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. రోడ్డు పక్కన సరే కానీ, షెడ్డులో దీనితో సరిపెట్టుకోవద్దు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. పిల్లలూ, ఇది బాగా వినండి. ఎల్‌ఎస్‌డి బండికి ఒక వెనక చక్రం లేపి, రెండోది నేల మీద ఉండగా ఇంజిన్ స్టార్ట్ చేసి గేరు వెయ్యకూడదు. ఎప్పుడూ వెయ్యకూడదు. మామూలు బండిలో గాల్లో ఉన్న చక్రమే తిరుగుతుంది. ఇందులో నేల మీదున్న చక్రానికి కూడా బలం వస్తుంది, బండి జాకీ మీంచి దూకి వెళ్ళిపోతుంది. ముందు ఎవరున్నారో అది చూసుకోదు. ఏదైనా శబ్దం వినాలంటే రెండు చక్రాలూ లేపి, స్టాండ్ల మీద పెట్టి వినండి.

సరే, అంకె తక్కువ వచ్చింది, విప్పాలి. ఆయిల్ ఒంపేటప్పుడే సగం కథ తెలుస్తుంది. తెల్లటి పళ్ళెంలో పట్టండి. నల్లగా, మాడిన వాసన వస్తే ప్లేట్లు కాలాయి. మీగడ కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయి. మన డెల్టాలో నేను విప్పిన వాటిలో ఈ రెండో రకమే ఎక్కువ. ఎందుకంటే మధ్యాహ్నం ఎండలో పరుగెత్తి వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా పుంత మీద పారే నీళ్ళలో దిగుతుంది. లోపలి గాలి చల్లబడి ముడుచుకుని బయటి నుంచి పీలుస్తుంది. బ్రీదర్, అంటే హౌసింగ్ గాలి పీల్చే చిన్న దారి, నీళ్ళలో ఉంటే నీళ్ళే పీలుస్తుంది. బ్రీదర్ బురదతో మూసుకుపోతే ఆయిల్ సీలు పెదవి దగ్గర్నుంచి పీలుస్తుంది. చెరువుల దగ్గరైతే అది ఉప్పునీరు. కాగితం జాతి లైనింగున్న ప్లేట్లు నీటికి జిగురు వదిలి పొలుసులు పొలుసులుగా లేస్తాయి. అందుకని నేను ప్లేట్లు మార్చిన ప్రతి బండికీ బ్రీదర్‌కి ఆయిల్ తట్టుకునే రబ్బరు ట్యూబు తగిలించి, బాడీ కిందకంటా పైకి తీసి క్లిప్పు వేస్తాను. దానికి పెద్ద ఖర్చేం కాదు. ఇది చెయ్యకుండా కొత్త ప్లేట్లు వేస్తే వచ్చే సార్వా నాటికి ఆ బండి మళ్ళీ మీ షెడ్డుకే వస్తుంది.

బేరింగ్ క్యాపులు విప్పే ముందు సెంటర్ పంచితో గుర్తు పెట్టండి, ఎడమకి ఒక చుక్క, కుడికి రెండు చుక్కలు. ఈ క్యాపులు హౌసింగ్‌కి బిగించి ఉండగానే బోర్ కోసినవి, అటుదిటు అయితే బేరింగ్ కుదరదు. షిమ్ములు, అంటే ఖాళీ సరిచేసే పల్చటి రేకులు, ఏ వైపువి ఆ వైపు సంచిలో వెయ్యండి. క్రౌన్ పినియన్ బ్యాక్‌లాష్, అంటే పళ్ళ మధ్య ఖాళీ, విప్పక ముందే డయల్ గేజ్‌తో కొలిచి రాసుకోండి, తిరిగి బిగించాక ఆ అంకెకే రావాలి. కొన్ని రకాల్లో మధ్య స్ప్రింగు బాగా నొక్కి పెట్టి ఉంటుంది, తీసేటప్పుడు ఎగిరి మొహానికి తగులుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి, స్ప్రింగు మీద గుడ్డ కప్పి తీయండి.

ఇదిగో, ఈ పళ్ళెంలో ఉన్నవి ఆ ఆకివీడు బండివే. దాచి ఉంచాను. ఒక వైపు ప్యాక్ ఇది. రెండు రకాల ప్లేట్లు చూడండి. లోపలి పళ్ళున్నవి ఫ్రిక్షన్ ప్లేట్లు, సైడ్ గేరు మీద కూర్చుంటాయి, దానితో తిరుగుతాయి. బయట చెవులున్నవి స్టీలు ప్లేట్లు, ఆ చెవులు కేసు గాళ్ళలో కూర్చుని కేసుతో తిరుగుతాయి. ఒకటి మార్చి ఒకటి. బండి లాగే కొద్దీ బెవెల్ పళ్ళు సైడ్ గేర్లని బయటికి తోస్తాయి, ఆ తోపు ప్యాక్‌ని ఇంకా నొక్కుతుంది. అంటే పట్టులో కొంత స్ప్రింగు ఇచ్చేది, కొంత ఇంజిన్ లాగుడు ఇచ్చేది. ర్యాంపుల రకంలో అయితే స్టార్ పినియన్లని మోసే స్పైడర్ షాఫ్టే వాలు గాళ్ళలో ఎక్కి ప్లేట్లని నొక్కుతుంది. ఆ రకాలు ఇవాళ మాట్లాడను, కొలత పద్ధతి మాత్రం అన్నిటికీ ఇదే.

ఈ ఫ్రిక్షన్ ప్లేటు పట్టుకుని వేలితో రాయండి. కొత్తదానికి గీతలు గీతలుగా ఆయిల్ కాలవలు గోటికి తగులుతాయి. దీనికి తగలవు. ఆ కాలవలు పోతే ఆయిల్ మధ్యలోంచి తప్పుకునే దారి ఉండదు, ప్లేటు ఆయిల్ పొర మీద తేలిపోతుంది. ఇప్పుడు మైక్రోమీటర్ చూడండి. కొత్త ప్లేటు 2.10 మిల్లీమీటర్లు. ఇది నాలుగు చోట్ల కొలిస్తే సగటు 1.82. తేడా 0.28. నాలుగు వెంట్రుకల మందం. "ఇంతేనా" అనిపిస్తుంది. కానీ వైపుకి ఐదు ప్లేట్లు. ఐదు ఇంటూ 0.28 అంటే 1.40 మిల్లీమీటర్లు. స్ప్రింగు ఒక్కో వైపు అంత దూరం సాగిపోయింది. సాగిన స్ప్రింగుకి నొక్కుడు ఎక్కడుంటుంది? ఒక్కో ప్లేటు చూస్తే బాగానే కనబడింది, మొత్తం ప్యాక్ చచ్చిపోయింది. అందుకే కంటితో చూసి "ఇంకా పనికొస్తాయి లెండి" అనకూడదు.

స్టీలు ప్లేటుకి మూడు చూడాలి. ఒకటి రంగు. నీలం, ఊదా మచ్చలుంటే వేడికి ఉక్కు గుణం మారింది, పక్కన పెట్టండి. రెండు, వంపు. మందమైన అద్దం పలక మీద పరిచి అంచు కింద ఫీలర్ గేజ్ దూర్చండి. మాన్యువల్ చెప్పిన దానికన్నా మందమైన గేజ్ రేకు దూరితే అది పోయినట్టే. మూడు, చెవులు. ఇదిగో ఈ చెవి పక్కన సుత్తితో కొట్టినట్టు మడత పడింది. అలాంటి చెవి కేసు గాడిలో మెట్టు కోస్తుంది. గాడిలో గోరు పెట్టి పైనుంచి కిందకి జార్చండి, గోరు ఆగితే మెట్టు ఉన్నట్టు. మెట్టులో ప్లేటు ఇరుక్కుంటే స్ప్రింగు ఎంత నొక్కినా ప్యాక్ దగ్గరికి రాదు. చిన్న మెట్టయితే సన్నటి ఆకురాయితో సాపు చెయ్యచ్చు, లోతైతే కేసు మార్చాలి. కొత్త ప్లేట్లు వేసి, పాత గాడి చూడకుండా మూసేసిన బండ్లు నా దగ్గరికి రెండు మూడు వచ్చాయి. ప్లేట్లు కొత్తవే, పట్టు లేదు.

స్టార్ పినియన్ల వెనక వాషర్లు, స్పైడర్ షాఫ్ట్ మీద అరుగుదల, సైడ్ గేరు పళ్ళు, ఇవి మీకు తెలిసినవే. చూడండి, ముందుకి వెళ్దాం.

కూర్చడం. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లని ముందు రాత్రే ఎల్‌ఎస్‌డి ఆయిల్లో నానబెడతాను. తొందరైతే అరగంట, కానీ అరగంట నాకు తృప్తి ఉండదు. పొడి ప్లేటు మొదటి పది మలుపుల్లోనే కాలిపోతుంది. వరుస తప్పకూడదు. విప్పేటప్పుడే ప్యాక్‌ని ఒక తీగకి గుచ్చి పెట్టుకుంటే వరుస ఎక్కడికీ పోదు, పూలు దండ గుచ్చినట్టు. కుడి ఎడమ ప్యాక్‌లు రెండూ నొక్కి మందం కొలవండి. నేను రెంటి మధ్య 0.05 మిల్లీమీటరు కన్నా తేడా ఉండనివ్వను. ఎక్కువుంటే ప్లేట్లు అటూ ఇటూ మార్చి, అప్పటికీ కుదరకపోతే షిమ్ముతో సరిచేస్తాను. తేడా ఉంటే స్టార్ పినియన్లు ఒక సైడ్ గేరుకి దగ్గరగా, రెండో దానికి దూరంగా కూర్చుంటాయి. షిమ్ము ఎక్కువ వేస్తే పట్టు పెరుగుతుందని కొందరి నమ్మకం. పెరుగుతుంది, దాంతో పాటు పళ్ళ మధ్య ఖాళీ పోయి గేర్లు బిగుసుకుంటాయి. అలా ఆయిల్ చేరని పళ్ళు రెండు వేల కిలోమీటర్లు కూడా నిలవవు.

హౌసింగ్‌లో పెట్టక ముందు బల్ల మీదే పరీక్ష. దీనికి పాత యాక్సిల్ షాఫ్ట్ రెండు ముక్కలు పళ్ళున్న వైపు కోయించాను. ఇదిగో. ఒకటి వైస్‌లో నిలువుగా బిగించి కేసు దాని మీద కూర్చోబెట్టాలి. రెండో ముక్క పైనుంచి దింపి, దాని తలకి వెల్డ్ చేసిన నట్టుకి టార్క్ రెంచ్ తగిలించి తిప్పాలి. ఇక్కడ వచ్చిన అంకె, బండికి బిగించాక కింద కొలిచిన అంకె దగ్గర దగ్గరగా ఉండాలి. నా పుస్తకంలో ప్రతి బండికీ మూడు గళ్ళు: విప్పక ముందు, బల్ల మీద, బండి కింద. మూడో గడి రాయకుండా తాళం ఇవ్వను.

ఇక ఆయిల్. ఇక్కడ నేను రెండు సార్లు దెబ్బ తిన్నాను, అందుకని కాస్త ఎక్కువ చెబుతాను. ప్లేట్లు మార్చి ఇచ్చిన ఒక బండి మూడో రోజు తిరిగొచ్చింది. మలుపు తిప్పితే వెనక నుంచి కటకట, కటకట, సీటు కింద వణుకు. ప్లేట్లు బాగాలేవనుకుని విప్పాను. బాగానే ఉన్నాయి. మూశాను. మళ్ళీ కటకట. మళ్ళీ విప్పాను. చివరికి చూస్తే నేను పోసింది మామూలు జీఎల్ 5 గేరు ఆయిల్. అది గేర్లకి మంచిదే, ఈ ప్లేట్లకి చాలదు. వానాకాలం ఉబ్బిన తలుపు తీసినప్పుడు చూడండి, ముందు అసలు కదలదు, తర్వాత ఒక్క ఊపున వచ్చి మళ్ళీ పట్టుకుంటుంది. నిలిచి ఉన్నప్పటి రాపిడి ఎక్కువ, కదిలేటప్పటి రాపిడి తక్కువ అయితే అలాగే పట్టి వదిలి, పట్టి వదిలి కొట్టుకుంటుంది. ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే మందు ఆ రెంటినీ దగ్గర చేస్తుంది. ఎల్‌ఎస్ అని డబ్బా మీద రాసి ఉన్న ఆయిల్లో అది కలిపే ఉంటుంది. లేకపోతే చిన్న సీసాలో విడిగా దొరుకుతుంది, సాధారణంగా 120 మిల్లీలీటర్ల లోపు సీసా. కలిపి ఉన్న ఆయిల్లో మళ్ళీ సీసా పోస్తే ఎక్కువై పట్టు తగ్గుతుంది. కాబట్టి కటకటమనే బండి వస్తే స్పానరు పట్టుకునే ముందు ఏ ఆయిల్ పోశారని అడగండి. విప్పక్కర్లేకుండా ఆయిల్ మార్పుతోనే బాగయిన బండ్లు నా పుస్తకంలో చాలా ఉన్నాయి.

బండి మూశాక ఖాళీ కళ్ళంలోనో, కొబ్బరి దింపే దొడ్డిలోనో మెల్లగా ఎనిమిది అంకె గీసినట్టు తిప్పండి. అటు పది, ఇటు పది. ప్లేట్ల మధ్యకి ఆయిల్ చేరుతుంది, కొత్త ముఖాలు ఒకదానికొకటి అలవాటు పడతాయి. వెయ్యి కిలోమీటర్లకి ఆ ఆయిల్ ఒంపేసి కొత్తది పోస్తాను, అందులో మొదటి అరుగుదల పొడంతా వస్తుంది.

ఇంకొక్కటి, టైర్లు. ఓనర్లు ఒక వెనక టైరు పోతే ఒకటే కొత్తది వేస్తారు. 235/70 పదహారు సైజు టైరు చుట్టుకొలత దాదాపు 2,310 మిల్లీమీటర్లు. కొత్త టైరు గాడి 8 మిల్లీమీటర్లు, పక్కది అరిగి 3 అనుకోండి. చుట్టుకొలతలో తేడా 31 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. లెక్క కడితే కిలోమీటరుకి అరిగిన చక్రం ఆరు చుట్లు ఎక్కువ తిరగాలి. తిన్నటి రోడ్డు మీద కూడా ప్లేట్లు రాసుకుంటూనే ఉంటాయన్నమాట. భీమవరం నుంచి హైదరాబాదు వెళ్ళొస్తే అది ఎన్ని వేల చుట్లో మీరే కట్టండి. వెనక టైర్లు జతగా వెయ్యమని నేను గట్టిగా చెబుతాను. వినకపోతే పుస్తకంలో రాసుకుని, ఆర్నెల్లకి మళ్ళీ కొలుస్తాను.

ప్రశ్నలు అడగండి.

"గాల్లో వేలాడే చక్రం ఉంటే ఎల్‌ఎస్‌డి పని చెయ్యదంటారు, నిజమేనా?" మంచి ప్రశ్న. గాల్లో ఉన్న చక్రానికి లాగుడే లేదు, కాబట్టి ఇంజిన్ లాగుడు నుంచి వచ్చే పట్టు పెద్దగా రాదు. స్ప్రింగు ఇచ్చే పట్టు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు హ్యాండ్ బ్రేకు సగం లాగి మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వండి. వెనక చక్రాల మీద పనిచేసే హ్యాండ్ బ్రేకు అయితేనే సుమా. బ్రేకు ఆ వేలాడే చక్రానికి బరువిస్తుంది, ఆ బరువుతో ప్యాక్ నొక్కుకుంటుంది, నేల మీది చక్రానికి బలం వెళ్తుంది. మీ డ్రైవర్లకి ఇది నేర్పండి.

"థార్‌లో ఉన్నదీ ఇదేనా?" కాదు. 2020లో వచ్చిన థార్‌లో ఉన్నది ఈటన్ వారి మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్. అందులోనూ ప్లేట్లుంటాయి, కానీ చక్రాల స్పీడుల్లో తేడా నిమిషానికి సుమారు వంద చుట్లు దాటితే లోపలి గవర్నరు బరువులు విచ్చుకుని పూర్తిగా లాక్ చేస్తుంది. చేత్తో నిదానంగా తిప్పి కొలిచే ఈ పరీక్ష దాని లాకు సంగతి చెప్పదు. దాని మాన్యువల్ ప్రకారమే వెళ్ళండి.

"పాత ప్లేట్లు తిరగేసి వేస్తే కొన్నాళ్ళు నడవదా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. తిరగేసినా మందం అంతే కదమ్మా. 1.82 ఇటు కొలిచినా 1.82, అటు కొలిచినా 1.82. ఓనరు దగ్గర డబ్బు లేకపోతే ఆ మాట చెప్పి, ఇది మామూలు డిఫరెన్షియల్‌లాగే నడుస్తుంది, గట్టెక్కేటప్పుడు జాగ్రత్త అని చెప్పి పంపండి. బాగుచేశామని మాత్రం చెప్పకండి.

సరే, ఈ వైస్‌లో కేసు బిగించి ఉంది. ఎడమ ప్యాక్ కొత్త ప్లేట్లు, కుడి ప్యాక్ కావాలనే పాతవి వేశాను. ఒక్కొక్కరూ వచ్చి ముందు మీరే విప్పి, కొలిచి, ఏ వైపు ఎంత తక్కువుందో చెప్పండి. మైక్రోమీటర్లు రెండే ఉన్నాయి, చేతులు తుడుచుకుని రండి. ముందు ఐటీఐ పిల్లలు.